మా ఇంటి తూకం

మా ఆయనకి పెళ్లాం మాట మీద లేని నమ్మకం ముల్లు మీద ఉంది. "పాలు విరిగాయండీ" అంటే గిన్నె దగ్గరికి వచ్చి వంగి చూసి, వాసన చూసి, ఇంకోసారి చూసి కానీ ఒప్పుకోరు. అదే కాటా మీద ముల్లు ఎక్కడ ఆగితే అక్కడ మారుమాట లేకుండా తల ఊపేస్తారు.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. బజారంతా తిరిగి, దుకాణాల్లో కాటాలు నిజం చెబుతున్నాయో లేదో పరీక్షించి, మంచివాటికి ముద్ర వేసి, దొంగవాటిని స్వాధీనం చేసుకుంటారు. ఆ ఉద్యోగాన్ని సాయంత్రం చెప్పులతో పాటు గుమ్మం బయట విడిచి రావచ్చు కదా! రారు. నేను ఏళ్ల తరబడి పాలు కొలుస్తున్న స్టీలు గ్లాసుని ఒకరోజు పరీక్షించి, "ఇది గ్లాసు. కొలత కాదు" అని తీర్పు చెప్పారు. పెళ్లైన కొత్తలో సరదాకి "నేనంటే మీకెంత ఇష్టం?" అని అడిగితే మనిషి నిజంగానే ఆలోచనలో పడ్డారు. ఇష్టం లేక కాదు, దేనితో కొలవాలో తెలియక.

ఆయన్ని అర్థం చేసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మిగిలింది ఆ ఒక్క వానాకాలంలో అర్థమైంది.

ఆ ఏడు ఎండలు ముదరకముందే నేను బరువు తగ్గే పనిలో పడ్డాను. తగ్గాను కూడా. పొద్దున్నే లేచి వీధులు చుట్టి వచ్చేదాన్ని. అలా ఆరోగ్యం కోసం నడుస్తూ నడుస్తూ ఒకరోజు ఫుట్‌పాత్ అంచు మీంచి జారి చీలమండ విరగ్గొట్టుకున్నాను. మా అత్తయ్య ఆసుపత్రికి వచ్చి, నా మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "ఇంట్లో కూర్చుని హాయిగా తింటే విరిగేదా అమ్మాయ్?" అని ఒక్క ప్రశ్న వేశారు.

కట్టు విప్పకముందే జ్వరం వచ్చింది. మామూలుదే అనుకున్నాం. అది వెళ్తూ వెళ్తూ గుండె మీద చెయ్యి చేసుకుని మరీ వెళ్లింది. గుండె కండరం బలహీనపడిందన్నారు. వార్డులో నేను కళ్లు తెరిచినప్పుడల్లా మా ఆయన ఎదురుగా బెంచీ మీద ఉండేవారు. చొక్కా గుండీలు ఒక కాజా తప్పించి పెట్టుకున్నారు. ఒక అంచు పైకి, ఒక అంచు కిందికి. నలుగురి కాటాలూ సరిచేసే మనిషికి తన చొక్కా ఒక పక్కకి వాలిపోయిన సంగతి తెలియలేదు.

ఇంటికి పంపించేటప్పుడు వార్డు సిస్టరు నా ముందు నిలబడి చూపుడు వేలు ఎత్తింది. ఆవిడ వేలెత్తితే డాక్టర్లే పక్కకి తప్పుకునేవారు.

"చూడమ్మా, గుండె ఇంకా పూర్తిగా కోలుకోలేదు. అది అలిసిపోతే ఒంట్లో నీరు చేరుతుంది. ఆయాసం వచ్చేదాకా మీకు తెలీదు. కాటాకి మాత్రం ముందే తెలుస్తుంది. అందుకని రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందే బరువు చూసుకోండి. రెండు మూడు రోజుల్లో గబుక్కున పెరిగారా, వెంటనే నాకు ఫోన్ చెయ్యండి."

"మరి తగ్గితే?"

"నెమ్మదిగా తగ్గితే అంతకన్నా కావాల్సిందేముంది! ఆ విరిగిన కాలు కూడా మీకు దణ్ణం పెడుతుంది."

ఆ సమయానికి మా ఆయన మందుల కోసం కింద వరసలో నిలబడి ఉన్నారు. టాక్సీలో కూర్చున్నాక "సిస్టరేమంది?" అని అడిగారు. "బరువు తగ్గాలట. రోజూ చూసుకోమంది" అన్నాను. గుండె, నీరు, ఆయాసం... ఆ మాటలు ఆ గుండీలు తప్పిన చొక్కాకి చెప్పబుద్ధి కాలేదు.

రెండోసారి మొదలుపెట్టడం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. మొదటిసారి ఏమీ తెలీదు కాబట్టి ధైర్యంగా దిగిపోతాం. రెండోసారికి అన్నీ తెలుసు, అదే కష్టం. ఎండాకాలంలో వీధులు చుట్టిన మనిషిని, వానాకాలం వచ్చేసరికి మంచం నుంచి కిటికీ దాకా వెళ్లి ఏదో ఊరు చేరినంత అలిసిపోయేదాన్ని. కాలికి వ్యాయామం నేర్పడానికి వచ్చే అమ్మాయి నేల మీద తువ్వాలు పరిచి, "కాలివేళ్లతో దీన్ని మీ వైపు లాక్కోండి ఆంటీ" అంది. అంతే పని. డిగ్రీ చదివినదాన్ని, అత్తింట్లో నెగ్గుకొచ్చినదాన్ని, చేతులు తుడుచుకునే తువ్వాలు చేతిలో ఓడిపోయాను.

తిండి సంగతి సరేసరి. ఉడికించిన కూరగాయలు, ఉప్పు ఉన్నదీ లేనిదీ తెలియనంత. అత్తయ్య రోజూ నా కంచంలోకి తొంగిచూసి నిట్టూర్చేవారు.

"ఇది తిండా, తిండి ఫొటోనా?"

"ఆరోగ్యానికి మంచిదట అత్తయ్యా."

"ఆరోగ్యం బాగుపడ్డాక ఏం తిందామనిట? ఇదేనా? అలాంటప్పుడు బాగుపడటం దేనికి?"

ఆవిడ తర్కానికి ఎదురు లేదు. అయినా తిన్నాను. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. బాత్రూము గుమ్మం పక్కన ఉండే పాత కాటా, అదే, ఎక్కి నిలబడితే ముల్లు తిరిగే బల్ల రకం, ఎక్కేదాన్ని, దిగేదాన్ని. ముల్లు నా వైపు జాలిగా చూసి ఉన్నచోటే ఉండేది.

ఒక ముసురు పట్టిన పొద్దున్న అది పైకి జరిగింది. సిస్టరుకి ఫోన్ చేసేంత కాదు. నేను ఏడ్చేంత.

అక్కడే పీట మీద కూలబడ్డాను. నోట్లో పళ్లు తోముకునే బ్రష్షుతో మా ఆయన వచ్చారు.

"ఏమైంది?"

"పెరిగాను."

"ఎంత?"

ఆయన తప్పు కాదు. ఆ నోటికి ముందుగా వచ్చే ప్రశ్న అదే.

"ఎంతైతే ఏంటండీ! చప్పిడి కూడు తిని, తువ్వాళ్లు లాగి లాగి పెరిగాను. ఇక నా వల్ల కాదు. ఇలాగే ఉంటాను. ఈ మంచం, నేను. నన్నిలా వదిలెయ్యండి."

ఆయన ఏదో అనబోయి, నోటి నిండా నురగ ఉండటంతో మింగలేక ఉమ్మలేక నిలబడిపోయారు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

ఆ తర్వాత కొన్నాళ్లు నేను నిజంగానే లేవలేదు. తువ్వాలు మడత మీదే ఉంది. వ్యాయామం అమ్మాయి వచ్చి, నా పాదాన్ని అటూ ఇటూ వంచి చూసి మొహం చిన్నది చేసుకుంది. "ఇప్పుడు కదపకపోతే ఇది ఇలాగే బిగుసుకుపోతుంది ఆంటీ. తర్వాత ఎంత కావాలనుకున్నా తిన్నగా నడవలేరు." నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. గుమ్మం దగ్గర మా ఆయన ఉన్నట్టు ఆయన దగ్గు వల్ల తెలిసింది.

ఆదివారం పొద్దున్న ఆయన కాటాని ఎత్తుకుని వెనక వసారాలోకి వెళ్లారు. స్క్రూలు విప్పుతున్న చప్పుడు, తూకపు రాళ్లు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు చాలాసేపు వినిపించాయి.

"ఏం చేస్తున్నారు?" అని మంచం మీంచే అరిచాను.

"దుమ్ము! లోపలంతా దుమ్ము పట్టేసింది. శుభ్రం చేస్తున్నా."

మర్నాడు పొద్దున్న మంచం దగ్గరికి వచ్చారు. "ఒక్కసారి లేచి దీని మీద నిలబడు."

"నేను మానేశానని చెప్పానుగా."

"నీ కోసం కాదు. కాటా కోసం. శుభ్రం చేశాక ఎలా పనిచేస్తుందో చూడాలి."

మొగుడి కోసం లేవకపోయినా కాటా కోసం లేవాలన్నమాట. ఆ మాటకి నవ్వొచ్చి లేచాను. ఆయన భుజం పట్టుకుని నిలబడి, భుజం వదిలి, కిందికి చూశాను. ముల్లు కిందటిసారి ఆగిన గీత దాకా రానేలేదు.

"చూశావా, దుమ్ము వల్లే ఎక్కువ చూపించింది" అన్నారు.

"అంటే నేను పెరగలేదా?"

"తగ్గావు" అన్నారు, పైకప్పులో ఫ్యాను వైపు చూస్తూ.

అబద్ధం అలవాటు లేనివాళ్లు అలాంటప్పుడు ఫ్యాన్లూ గడియారాలూ చూస్తారన్న సంగతి నాకు అప్పుడు తోచలేదు. తోచకపోవడమే నాకూ కావాలేమో. మధ్యాహ్నానికల్లా తువ్వాలు నేల మీదికి వచ్చింది. సాయంత్రం దాన్ని పూర్తిగా లాగి, గెలిచిన జెండాలా భుజాన వేసుకుని వంటింట్లోకి వెళ్లి అత్తయ్యకి చూపించాను. "ఆహా" అన్నారావిడ, "ఇప్పుడు ఆ కాలితోనే పిండి కలుపుతావా?"

ఆ తర్వాత రోజులు తేలిగ్గా నడిచాయి. నేనూ నడిచాను. వంటగట్టు పట్టుకుని మడమలెత్తాను. కర్రతో వాకిలి దాకా, తర్వాత గేటు దాకా, ఆ తర్వాత వీధి మలుపులో ఉన్న బట్టలు ఇస్త్రీ చేసే కొట్టు దాకా. ఆయన సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే గొడుగు పట్టుకుని నా పక్కన బయల్దేరేవారు. ఒక్క గొడుగు. నా మీద పూర్తిగా, ఆయన మీద మర్యాదకి.

"మీ భుజం తడుస్తోంది. ఇటు లాక్కోండి."

"తడవనీ. ఆ కర్ర అడ్డంగా పెట్టకు, నిలువుగా."

"ఆఫీసులో కూడా ఇలాగే తప్పులు పడతారా?"

"ఆఫీసులో జరిమానా వేస్తా. నీకు వెయ్యట్లేదు, సంతోషించు."

ఇస్త్రీ కొట్టు అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకునేదాన్ని. ఆయన నా ఎదురుగా నిలబడి, నా ఊపిరి మామూలయ్యేదాకా వానని చూస్తున్నట్టు నటించేవారు. పెళ్లైన ఇన్నేళ్లలో మేము ఇంత పొడుగు మాటలు మాట్లాడుకున్నది ఆ వీధిలోనే. కాలు విరిగితే కానీ తీరిక దొరకలేదు.

ప్రతి ఆదివారం కాటాకి దుమ్ము దులిపే కార్యక్రమం ఉండేది. ప్రతి సోమవారం ముల్లు కాస్త కిందికి దిగేది. ఒక సోమవారం నేను దిగగానే అత్తయ్య, ఎవరూ పిలవకుండానే, కాటా ఎక్కారు. కళ్లజోడు సవరించుకుని కిందికి చూశారు.

"ఒరేయ్! నేనూ తగ్గానురోయ్!"

మా ఆయన చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"నిన్న మూడుసార్లు తిన్నాను, మధ్యలో అరటిపళ్లు కూడా. ఎలా తగ్గానురా?"

"వయసమ్మా. వయసైపోయినవాళ్లు తగ్గుతారు."

"అంటే మొన్నటిదాకా నాకు వయసు లేదా?"

ఆయన సగం దువ్విన తలతోనే ఆఫీసుకి వెళ్లిపోయారు. నేను పడీ పడీ నవ్వాను. నవ్వానే కానీ ఆలోచించలేదు. మన తరఫున సాక్ష్యం చెబుతున్నవాణ్ణి మనమెందుకు అడ్డు ప్రశ్నలు అడుగుతాం?

వానలు ముదిరాయి. ముందు చెప్పుల పట్టీ బిగువైంది. విరిగిన కాలు కదా, వాపు ఉంటుంది అనుకున్నాను. విరగని కాలికి కూడా బిగువైంది. దానికి తోడుగా వాచిందేమో అనుకున్నాను. పడుకుంటే బరువుగా ఉందని ఒక దిండు ఎక్కువ పెట్టుకున్నాను, తర్వాత ఇంకొకటి. ఇస్త్రీ కొట్టు దాకా వెళ్లేదాన్ని గేటు దగ్గరే ఆగి, "ఈ రోజు వాన ఎక్కువగా ఉందండీ" అన్నాను. ఆ రోజు చినుకులే.

ఒక పొద్దున్న వాకిట్లో మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. పాదాలు తడిసిపోయాయి. అత్తయ్య పొడిగుడ్డ తెచ్చి, నేను వద్దు వద్దంటున్నా వినకుండా ముందు కూర్చుని తుడవడం మొదలుపెట్టారు. తుడుస్తూ తుడుస్తూ ఆగి, మోకాలి కింద ఎముక మీద వేలితో నొక్కారు. వేలు తీశాక గుంట అలాగే ఉంది.

"ఇదేంటమ్మాయ్, పిండిముద్దలో వేలు పెట్టినట్టుంది?"

రెండో కాలు నొక్కారు. అక్కడా గుంట. ఆవిడ తల ఎత్తి నా మొహంలోకి చూశారు. ఆ చూపులో ఎగతాళి లేదు. అత్తయ్య ఎగతాళి చెయ్యకపోతే నాకు భయం వేస్తుంది. వెంటనే సిస్టరుకి ఫోన్ చేశాను. చేతులు తడిగా ఉన్నాయని స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచాను. పక్కనే మా ఆయన టీ తాగుతున్నారు.

"కాళ్లు వాచాయి సిస్టరూ. మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోంది."

"బరువు ఎలా ఉంది?"

"తగ్గుతోంది. ప్రతి వారం."

"రోజూ చూస్తున్నారా, నాకోసం చెబుతున్నారా?"

"ఒట్టు. ఈ మధ్య ఒక్క రోజు కూడా మానలేదు."

"అలాగైతే నీరు చేరి ఉండదమ్మా. చేరితే బరువు పెరగాలి కదా. నిలబడి పనులు చేస్తున్నారేమో, కాళ్లు ఎత్తులో పెట్టుకోండి. ఎలాగూ వచ్చే వారం డాక్టరు గారికి చూపించుకోవాలిగా, అప్పుడు చూద్దాం."

ఫోన్ పెట్టేసి హమ్మయ్య అనుకున్నాను. మా ఆయన కప్పు గాలిలోనే ఉంది.

"నీరేంటి?"

"ఏం లేదండీ. గుండె అలిసిపోతే ఒంట్లో నీరు చేరుతుందట. అది బరువులో తెలుస్తుందట. నాకు తగ్గుతోంది కాబట్టి..."

"రోజూ చూసుకోమంది దానికోసమా?"

"దానికోసమే."

"బరువు తగ్గడానికన్నావు నాతో."

"దానికి కూడా."

ఆయన కప్పు కింద పెట్టారు. సాసరులో కాదు, పక్కన. టీ బల్ల మీద ఒలికి నేల దాకా పోయింది. ఆయన చూడలేదు.

"బయల్దేరు. ఆసుపత్రికి వెళ్దాం."

"వచ్చే వారం రమ్మందిగా."

"ఇప్పుడే వెళ్దాం."

"ఆఫీసు?"

ఆయన అప్పటికే బాత్రూము వైపు వెళ్లి, కాటాని చంకలో పెట్టుకుని వస్తున్నారు. "ఆసుపత్రిలో కాటా ఉండదుట్రా?" అని అత్తయ్య వెనకనుంచి అడిగారు. టాక్సీలో దాన్ని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. దారి పొడవునా నేను ఆయన చేతుల్నే చూశాను. అడగాల్సిందేమీ మిగల్లేదు. నాకు కోపం రావాలి. వెతికాను. ఆ ఆయాసంలో ఎక్కడా దొరకలేదు.

ఆసుపత్రిలో సిస్టరు నన్ను వాళ్ల కాటా మీద నిలబెట్టింది. చూసింది. దించి, మళ్లీ నిలబెట్టింది.

"ఇంట్లో ఎంత చూపించింది?"

చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడక్కుండా చక్రాల కుర్చీ తెప్పించింది. తర్వాత అంతా గబగబా జరిగింది. చేతికి సూది, సూదిలోంచి మందు, ఛాతీకి ఏవో తీగలు, మొహానికి ఆక్సిజన్ మాస్కు. డాక్టరు గారు పెద్దాయన. ప్రపంచంలో ఎవరి గుండె చప్పుడైనా వింటారు కానీ, మనిషి ఎదురుగా మాట్లాడితే ఆయనకి సరిగ్గా వినపడదు. చాలాసేపు గొట్టం నా వీపు మీద పెట్టి విని, తీసి మెడలో వేసుకున్నారు.

"నీరు బాగా చేరింది. ఊపిరితిత్తుల అడుగున కూడా మొదలైంది. ఈ రోజు రాబట్టి సరిపోయింది. వచ్చే వారందాకా ఆగి ఉంటే నేనిలా కూర్చుని చెప్పేవాణ్ణి కాదు. మందుతో దిగిపోతుంది, భయం లేదు."

మా ఆయన మంచం చివర నిలబడి ఉన్నారు. కాటా ఇంకా చంకలోనే ఉంది. సిస్టరుకి అప్పుడు కనిపించింది.

"అదేనా ఆ మహాతల్లి? ముందు దాన్ని తీసుకెళ్లి చెత్తలో పారెయ్యండి సార్. ఎవడో దొంగ వెధవ అంటగట్టాడు మీకు. ఇలాంటివాటిని తనిఖీ చెయ్యడానికి గవర్నమెంటు జీతాలిచ్చి మనుషుల్ని పెట్టింది. వాళ్లంతా ఏం పీకుతున్నారో!"

నాకు మాస్కులోపల దగ్గొచ్చింది. మాస్కు పక్కకి జరిపి, "పాతది సిస్టరూ. ఈ వానలకి తుప్పు పట్టి ఉంటుంది" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. నేను ఆయనకి ఒక దారి తెరిచి పెట్టాను. ఊరుకుంటే చాలు, తుప్పు మీదికి పోతుంది. ఎవరూ అడగరు. నేను అసలే అడగను.

"తుప్పు కాదండీ" అన్నారు మెల్లగా.

"ఆఁ?" అన్నారు డాక్టరు గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"కాటాలో లోపం లేదండీ."

"కొంచెం గట్టిగా చెప్పండి. నాకు ఈ వైపు తక్కువ."

మా ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నారు. బజారులో ఎంత పెద్ద దుకాణంలోనైనా తొణక్కుండా మాట్లాడే గొంతు అది. అప్పుడు మాత్రం పెచ్చులూడిపోయింది.

"కాటా మంచిదేనండీ! నేనే విప్పి లోపల స్ప్రింగు జరిపాను. ఈవిడ బరువు పెరిగానని మంచం దిగడం మానేస్తే చూడలేకపోయాను. తగ్గినట్టు కనిపిస్తే లేస్తుందని ప్రతి ఆదివారం కొంచెం కొంచెం జరిపాను. ఇది గుండె కోసమని నాకు తెలీదండీ. తెలీకపోయినా చెయ్యకూడదు. కాటా ముట్టుకునే హక్కు ఎవరికీ లేదని చెప్పే ఉద్యోగమే నాది. తప్పు నాది!"

పక్క మంచాల వాళ్లంతా ఇటు తిరిగారు. సిస్టరు అంతకుముందు అన్న మాటని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియక మందు సీసాని సరిచేయడం మొదలుపెట్టింది. డాక్టరు గారు మాత్రం అంతా విని, మెల్లగా తల ఊపి, నా వైపు చూపించారు.

"నాకెందుకు చెబుతున్నారు? నీరు చేరింది ఆవిడకి. ఆవిడకి చెప్పండి."

మా ఆయన కాటాని కింద పెట్టారు. మంచం పక్కకి వచ్చి, సూది లేని చెయ్యి వెతికి పట్టుకున్నారు. ఆయన వేళ్లు చల్లగా ఉన్నాయి. నా చెవి దగ్గరికి వంగి, "తప్పు చేశాను" అన్నారు. ఎంత మెల్లగా అన్నారంటే ఆ వేళ్లు పట్టుకుని ఉండకపోతే నాక్కూడా తెలిసేది కాదు.

పెళ్లైన ఇన్నేళ్లలో ఆ నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. మళ్లీ ఎప్పటికి వింటానో తెలీదు. నేను సూది ఉన్న చెయ్యే చెవి దగ్గర పెట్టుకున్నాను.

"ఏంటండీ? నాకూ ఈ వైపు తక్కువ."

ఆయన నన్ను చూశారు. పక్క మంచాల్ని చూశారు. కళ్లు తుడుచుకుని, నిటారుగా నిలబడి, వార్డంతా వినపడేలా అన్నారు.

"తప్పు నాదేనే తల్లీ, నాదే!"